నానమ్మ ఒంట్లో ప్లాటినం

నాచారంలో మేముండే వీధిలో, నా చిన్నప్పుడు, కోతలు కోయడంలో నన్ను మించినవాళ్లు లేరు. ఉప్పల్ బస్సును ఒక మేక ఆపి ఎక్కిందని చెబితే, పిల్లలు నలుగురు స్టాపు దాకా పరిగెత్తి చూసొచ్చారు. అలాంటి నన్ను ఓడించింది మా పక్కింటి అక్క.

ఆ ఏడాది మా నానమ్మకి కడుపులో క్యాన్సర్ గడ్డ తీసేసి, కీమో మొదలుపెట్టారు. మొదటి విడతకే వాంతులతో మనిషి సగమైంది, జుట్టంతా దువ్వెనలోకి వచ్చేసింది. రెండో విడతకు బయల్దేరమంటే మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. మధ్యలో మానేస్తే జబ్బు మళ్లీ తలెత్తుతుందని డాక్టరు ముందే చెప్పారు. నాన్న బతిమాలాడు, అమ్మ ఏడ్చింది.

"ఒంట్లకు విషం ఎక్కిస్తున్నరు. గీ బోడిగుండు జూస్తే నా యారాలు నవ్వుతది. నేను రాను" అంది నానమ్మ.

యారాలంటే ఆమె తోటికోడలు, మౌలాలిలో ఉండే మా చిన్ననానమ్మ. మెడలో గొలుసు కనబడేలా కొంగు సర్దుకోవడం ఆవిడ అలవాటు. పెళ్లయిన నాటినుంచీ ఆ గొలుసు మా నానమ్మ కంట్లో నలుసు.

పక్కింటి అక్కది గుంటూరు వైపు, ఉద్యోగం ఉప్పల్‌లో ఒక ల్యాబులో. ఆ మధ్యాహ్నం వచ్చి, ఏ మందు ఎక్కిస్తున్నారో అమ్మనడిగి తెలుసుకుని, మంచం పక్కన చేరింది.

"మామ్మగారూ, మీకెక్కించే మందులో ప్లాటినం ఉంది తెలుసా? బంగారం కంటే ఖరీదైన లోహం."

నానమ్మ పట్టె వదిలింది. "నా ఒంట్లనా?"

అక్క నా జడల రిబ్బన్లు రెండూ లాగేసి తాడులా పెనవేసింది. ఒంట్లో ప్రతి కణంలోనూ డీఎన్ఏ అని ఇలాంటి రెండు పోగుల దారం ఉంటుందట. ఒక కణం రెండు కావాలంటే ఆ పోగులు విడదీసి నకలు తీసుకోవాలట. తర్వాత రెండింటికీ కలిపి పిన్నీసు గుచ్చి, ఇప్పుడు విడదీయవే అని నాకిచ్చింది. చేతుల్తో లాగాను, పళ్లతో లాగాను. రాలేదు. ప్లాటినం చేసేది ఆ పిన్నీసు పనేనట. క్యాన్సర్ కణాలకు పెరగాలనే తొందర ఎక్కువ, చెడిన దారం బాగుచేసుకునే ఓపిక తక్కువ, అందుకే చస్తాయట. జుట్టు కుదుళ్లవీ తొందర బుద్ధులే గనక వాటికీ దెబ్బ తగిలింది, కానీ అవి కోలుకుంటాయట.

"విషం కాదంటవా మరి?" అంది నానమ్మ.

"విషమేనండీ. మీకంటే ఆ జబ్బుకి ఎక్కువ విషం."

నానమ్మ నా చేతిలోని రిబ్బన్లు తీసుకుని తనూ ఒకసారి లాగి చూసింది. "నా యారాలు మెడల ఉన్నది ఉత్త బంగారమే గద?"

"ఉత్త బంగారమేనండీ."

"అయితే రేపు ఆటో పిలువుమను."

నేను మెట్ల మీద అక్కను పట్టుకున్నాను. "మస్తు కోసినవక్కా, నాకు గూడ నేర్పు."

"ఒక్క ముక్క కూడా అబద్ధం కాదే పిల్లా. అబద్ధం చెబితే రెండో వాంతికే దొరికిపోనూ?"

నమ్మలేక బళ్లో సైన్సు టీచర్ని అడిగాను. అంతా నిజమే, ఆ రోజుల్లో ప్లాటినం ధర బంగారాన్ని మించే ఉండేది. వీధిలో నా పరువు అప్పుడు పోయింది.

నానమ్మ తిట్టుకుంటూ, కక్కుకుంటూ అన్ని విడతలూ పూర్తిచేసింది. చిన్ననానమ్మ చూడ్డానికొస్తే తలగుడ్డ తనే తీసి, నా ఒంట్ల ఏమున్నదో నీకేం తెలుసు అంది. తర్వాత జుట్టు మళ్లీ వచ్చింది, అదీ ఉంగరాలు తిరిగి. ఈ సంగతి చెబితే ఎవరూ నమ్మరు. ఏళ్ల తర్వాత, తెలంగాణ వచ్చిన రోజు వీధిలో పంచిన మిఠాయి నానమ్మ రెండుసార్లు తీసుకుంది.

నాకు కోతలు ఇంకా మానలేదు, ఈ వయసులో మానేదీ లేదు. కానీ జబ్బుమనిషి పక్కన కూర్చున్నప్పుడు నోరు కట్టేసుకుంటాను. ఆ మనిషి మనసు దేనిమీద ఉందో చూసి, దానికి సరిపోయే నిజం కోసం వెతుకుతాను. ఒక్కోసారి ఎంతకీ దొరకదు. దొరికేదాకా చెయ్యి పట్టుకుని అక్కడే కూర్చుంటాను.