చిలకమ్మ చెప్పని మాట

బెంగాల్లోని ఆ రైల్వే ఊళ్ళో, న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో చిలకమ్మను ఎరగనివాళ్ళు లేరు. ఏటా ఎండల్లో అమ్మవారి పండగొస్తే, పసుపునీళ్ళ ఘటాన్ని నెత్తిన పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని, డప్పుల వెనకాల వీధివీధీ తిరిగేది ఆవిడే. ముట్లుడిగిన ఆడదే ఘటం ఎత్తాలని అక్కడి తెలుగువాళ్ళ కట్టుబాటు. నలభై ఆరో ఏట ఆ వంతు తనకు దక్కినప్పుడు చిలకమ్మ మురిపెం అంతా ఇంతా కాదు. మొగుడు జగ్గారావు వర్క్‌షాపులో ఫిట్టరు. మా ఇంట్లో పెద్దాఫీసరు అదేనని తోటివాళ్ళతో వేళాకోళమాడేవాడు.

1963లో పండగ రెండ్రోజులుందనగా, ఎప్పుడో ఆగిపోయిన రక్తం మళ్ళీ కనబడింది. చెబితే ఘటం ఇంకొకరి నెత్తికెక్కుతుంది. ఒక్కరోజే కదా అని సర్దిచెప్పుకుని, ఎవరికీ చెప్పకుండా ఎత్తేసింది.

రెండు నెలలు తిరక్కుండానే కనురెప్పలు ఉబ్బి ఊదారంగుకు తిరిగాయి. వేళ్ళ కణుపుల మీద ఎర్రటి పొక్కులు లేచాయి. మొగుడు కొట్టాడేమోనని ఇరుగుపొరుగు చెవులు కొరుక్కున్నారు. చీమకైనా అపకారం చెయ్యని జగ్గారావు వీధిలో తలెత్తుకోలేకపోయాడు. ఆ తర్వాత ఆవిడ చేతులు పైకి లేవడం మానేశాయి. పీట మీద కూర్చుంటే ఎవరో ఒకరు లేపాలి. తలుపు గడియపెట్టి జగ్గారావే ఆవిడకు తల దువ్వి ముడి చుట్టేవాడు. ఘటం పట్టిన చేతులే పడిపోయాక చిలకమ్మకు ఇంక అనుమానమేముంటుంది? మైల ఒంటితో ఎత్తినందుకు అమ్మవారు పట్టుకుందనే అనుకుంది.

ఆసుపత్రిలో బెంగాలీ డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. ఇది కండలకూ చర్మానికీ కలిపి వచ్చే జబ్బని చెప్పింది. ఈ వయసులో ఇది వస్తే ఒక్కోసారి లోపలెక్కడో కాన్సరు దాక్కుని ఉంటుందని ఆమెకు తెలుసు. భయపెట్టడం ఇష్టంలేక ఆ పేరెత్తలేదు. జగ్గారావును బయటకు పంపి, హిందీలో మెల్లగా అడిగింది.

"ముట్లాగిపోయాక మళ్ళీ రక్తమేమైనా కనబడిందా, దీదీ?"

"నేదమ్మా. ఏటీ నేదు."

డాక్టరమ్మ ఇంకోసారి అడిగింది. లోపల పరీక్ష చేయించుకోమని బతిమాలింది. చిలకమ్మ చీర బిగించి పట్టుకుని ఏడ్చేసింది. నోరు విప్పితే మొగుడికి తెలుస్తుంది, ఆపైన కాలనీ అంతా తెలుస్తుంది. తన ప్రాణం ఆ ఒక్క మాట మీదే ఉందని పిచ్చిదానికి తెలియలేదు.

మాత్రలు పడ్డాక కొంచెం తేరుకుంది. చేతులు భుజాల దాకా లేచాయి. అమ్మ కరుణించిందని సంబరపడింది కానీ రక్తం ఆగలేదు. దాన్నీ దాచింది. చలికాలానికి పొట్ట ఉబ్బి మంచం పట్టింది. ఒకనాటి పొద్దున దుప్పటి మార్చబోయిన జగ్గారావు కంట మరకలు పడ్డాయి.

"ఏటే ఇది? ఎన్నాళ్ళనించి?"

"గటం ఎత్తిన కాణ్నించీ. తప్పు సేసినానయ్యా. అందుకే అమ్మ నన్నిలా సేసినాది."

అతను ఆవిడను రిక్షా ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుంది. గర్భసంచిలో పుట్టిన కాన్సరు పొట్టంతా పాకిందనీ, కనురెప్పల రంగూ చేతుల నీరసమూ దానివల్లే వచ్చాయనీ చెప్పింది. "అప్పుడే చెప్పి ఉంటే" అనబోయి మాట మింగేసింది.

"అయితే ఇది అమ్మ కోపం కాదా?" అని అడిగింది చిలకమ్మ.

"కాదు దీదీ, జబ్బు. నువ్వే పాపమూ చెయ్యలేదు."

ఇన్ని నెలలకు చిలకమ్మ ముఖం తేటపడింది. మొగుడి వైపు తిరిగి, "ఇన్నావా? అమ్మకి నా మీద కోపం నేదంట" అంది.

అమ్మ కోపమే అయితే జగ్గారావు కాళ్ళావేళ్ళా పడి బతిమాలుకునేవాడు. ఇప్పుడు ఎవరిని బతిమాలాలో అతనికి తోచలేదు. "ఔనే" అని ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.