నిమ్మకాయ కట్టిన గొట్టం

బండి ఆగితే మీరు ముందు ఇంజను చూస్తారా, ఎదురొచ్చినవాడి మొహం చూస్తారా?

అద్దంకి దారిలో మేమెక్కిన పెట్రోలు వ్యాను, యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే చాలు, ఆగిపోతోంది. మూడోసారి ఆగినప్పుడు మిరపచేలోంచి ఒక ముసలాయన రోడ్డు దాటాడు. "నా బండికి చేతబడి చేసింది నువ్వేరా" అంటూ డ్రైవరు దిగి జాకీ రాడ్డుతో కొట్టాడు. ముసలాయన తల పగిలింది. ఇద్దరు ప్రయాణికులు ఆయన చేతులు విరిచి పట్టుకున్నారు.

నా పక్కనున్నావిడ మెకానిక్ షెడ్డు నడుపుతుందట. లేచి, డ్రైవరు పక్క సీటెత్తి కిందున్న ఇంజనులో చెయ్యి పెట్టింది.

"ఒరేయ్, ఆ రాడ్డు పడేసి తాళం తిప్పు."

ఒక రబ్బరు గొట్టం మీద బొటనవేలు నొక్కింది. ఇంజను ఆగకుండా తిరిగింది.

"కాలు తీస్తే గాలి తలుపు మూసుకుంటుంది. ఇంజను పీల్చడం మాత్రం మానదు, అప్పుడే ఇంకా గట్టిగా పీలుస్తుంది. ఈ చిల్లులోంచి దొంగగాలి దూరితే గాలి ఎక్కువై, పెట్రోలు పాలు తగ్గి ఆగిపోతుంది."

"చిల్లు ఎవడు పెట్టాడు?"

"నువ్వే. దిష్టికని నిమ్మకాయా మిరపకాయలూ ఈ గొట్టానికే ఇనపతీగతో బిగించావు. తీగ కోసేసింది."

ముసలాయన అప్పటికి మట్టిలో బోర్లా పడున్నాడు. ముప్పై ఏళ్లు మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చిన నేను సీట్లోంచి లేవలేదు.

మీరు నాలా కూర్చోకండి. మొదటి దెబ్బ పడకముందే దిగి, కొట్టేవాడి చెయ్యి పట్టుకోండి.