ఎడ్లు గుంజిన పందెం మోటరు

“ఎడ్లు గుంజితెనే కదుల్తది తమ్మీ మా మోటరు. ఏందట్ల నవ్వుతవు? ముందుగాల నోట్లె సూది తీసి నవ్వు. మింగితివంటె గదొక ఖర్చు నా నెత్తిన వడ్తది.”

యాదవ్వ మాటకు దర్జీ వెంకటి సూది తీసి అంగీ కాలరుకు గుచ్చుకున్నాడు కానీ నవ్వు మాత్రం ఆపుకోలేకపోయాడు. హనుమండ్లు మోటరుకు టాపు కుట్టాలని కబురు వస్తే, ఏ జీపో వ్యానో అనుకుని పెద్దపల్లి నుంచి సైకిలు వెనక ఇంత లావు కాన్వాసు చుట్ట కట్టుకుని వచ్చాడు. తీరా చూస్తే కొట్టంలో ఉన్నది ఇద్దరు మాత్రమే పట్టే ఎర్రటి మోటరు. నేలకు ఎంత దగ్గరగా ఉందంటే, దాని కిందికి దూరిన కోడి తల వంచుకునే బయటికి రావాలి.

పశువుల కొట్టం మోటరుకు ఇచ్చేశారు కాబట్టి ఎడ్లు బయట చింతచెట్టు నీడలో ఉన్నాయి. ఒకటి బూడిద రంగు మైలది, ఒకటి నల్లటి కర్రెది. హనుమండ్లు పెండ్లాం యాదవ్వ వాటికి కుడితి పెడుతోంది. చేతులు తొట్టి దగ్గర, మాటలు వెంకటి దగ్గర ఉన్నా, కళ్లు మాత్రం బాట మీదే ఉన్నాయి. నిన్న సాయంత్రం పశువుల బేరగాడు అంతయ్య వచ్చి ఎడ్ల పండ్లు చూసి పోయాడు. పొద్దున లేవగానే హనుమండ్లు ఎటు పోతున్నాడో చెప్పకుండా తలకు రుమాలు చుట్టుకుని వెళ్లాడు. అంతయ్య ఊరికే ఎద్దు నోరు తెరిచి చూసే మనిషి కాదు. తొలకరి దగ్గర పడింది. దుక్కి దున్నే జోడి కొట్టం లోంచి పోయింది సరే, ఇల్లు దాటి కూడా పోతుందా అని ఆమె దిగులు.

“అసలు గీ మోటరు మీ ఇంటికెట్లొచ్చిందక్కా?” అని అడిగాడు వెంకటి. కొలతలు తీసుకోవడం ఎప్పుడో అయిపోయింది. టేపు మెడలో వేసుకుని, కాన్వాసు చుట్ట మీదే కూర్చున్నాడు.

“జీతమై వచ్చింది.”

హనుమండ్లు దొరగారి గడీలో డ్రైవరు. డ్రైవరన్నది పేరుకే. ఎర్ర మోటరును దొర తానే నడిపేవాడు. అది ఆగిపోయినప్పుడు దిగి నెట్టడమే హనుమండ్లు కొలువు. అది తరచూ ఆగేది కాబట్టి అతనికి చేతినిండా పని ఉండేది. పోలీసు యాక్షన్ అయిన ఏడాది దొర పట్నం వెళ్లిపోతూ, ఏండ్లకేండ్లు బాకీపడిన జీతం కింద, “గీ మోటరు తీస్కోరా, నువ్వే నడుపుకో” అని ఆస్తి రాసిచ్చినంత ప్రేమగా అన్నాడట. గడీలో వడ్ల గుమ్ములు ఉన్నాయి, ఇత్తడి బిందెలు ఉన్నాయి, పాలిచ్చే బర్రెలు ఉన్నాయి. వాటిలో ఏదడిగినా ఇచ్చేవాడే. హనుమండ్లు మోటరు తీసుకున్నాడు.

“నేను బర్రెనడుగుమన్న తమ్మీ. ‘బర్రె మీద ఊరేగుతర ఎవలన్న?’ అన్నడు మీ బావ.”

ఆ మోటరులో వడ్ల బస్తా పట్టదు, గడ్డిమోపు పట్టదు, కాన్పుకు పోయే ఆడమనిషి కూడా పట్టదు. అంగడికి పోతే వంకాయ గంప ఎక్కడ పెట్టాలో తెలియదు. పొలం బాటలో దాని అడుగు నేలకు రాసుకుంటుంది. ఏ పనికీ రాని దానికి ఏదో ఒక పని కల్పించాలి కదా. ఆ పుణ్యం పెద్దపల్లి రైసుమిల్లు సావుకారి దేవదాసు కట్టుకున్నాడు. ఒక ఎండాకాలం ఊరి చెరువు ఎండి, అడుగున శికమంతా కళ్లం లాగా గట్టిపడినప్పుడు, తన కొత్త కారును దాంట్లో దింపి, “నాతోని ఉరికెటోడున్నడా?” అన్నాడు. ఉట్నూరు దిక్కు నుంచి బీడీ ఆకుల గుత్తేదారు ఒకాయన జీపు వేసుకుని దిగాడు. హనుమండ్లు ఎర్ర మోటరు నెట్టుకుంటూ దిగాడు. అప్పటి నుంచి ఏటేటా తొలకరికి ముందటి అమాసనాడు పందెం. చెరువు చుట్టూ మూడు తిరుగుళ్లు. గెలిచినవాడికి శాలువా, కొబ్బరికాయ.

“గెలిచిండా బావ ఎన్నడన్న?”

“రెండుమాట్ల రెండో నంబరొచ్చిండు. ముగ్గురుల ఒకాయన జీపు తూము కాడి బురదల దిగవడ్డది.”

పందెం ఒక్క పూట. పోషణ మాత్రం ఏడాది పొడుగునా. యాదవ్వ ఆ ఖర్చును రూపాయల్లో చెప్పలేదు. ఆమె లెక్క అంతా ఇంట్లో ఖాళీ అయిన జాగాలదే. అదిగో, ఆ గుంజకు బర్రె ఉండేది, అది తొలి జత టైర్లయింది. ఈ చేతులకు కడియాలు ఉండేవి, అవి దొర ఏనాడూ మార్చని ఇంజిను సామాను అయ్యాయి. పెరట్లో టేకుచెట్టు ఉండేది, అది బ్యాటరీ అయింది. ఆ బ్యాటరీ రెండు వానాకాలాలు కూడా ఆగలేదు, టేకుచెట్టయితే మనవళ్ల దాకా ఆగేది. బ్రేకులకు పట్నం సామాను దొరకకపోతే మాదిగ ముత్యం చెప్పుల తోలు కోసి బిగించాడు. తొక్కినప్పుడల్లా కాలిన తోలు కంపు కొడుతుంది కానీ మోటరు ఆగుతుంది. ఇంజిను నీళ్ల పెట్టె కారితే, కన్నం పూడుతుందని అందులో పసుపు పోశారు. ఏటా కూరల్లో పడాల్సిన పసుపు సగం దానికే పోతుంది.

“ఇంట్ల పచ్చగ లేకున్న దాని కడుపుల పచ్చగుండాలె” అంది యాదవ్వ, కర్రెద్దు మూతి తుడుస్తూ.

ఇవన్నీ ఒక ఎత్తు, రోడ్డు పన్ను ఒక ఎత్తు. హనుమండ్లు మోటరు రోడ్డెక్కదు. ఎక్కితే టైర్లు అరుగుతాయని అతని భయం. అయినా ఏటా కరీంనగర్ పోయి, దఫ్తరులో నిలబడి, రోడ్డు పన్ను కట్టి వస్తాడు. హైదరాబాదు సర్కారు పోయి ఆంధ్రప్రదేశ్ సర్కారు వచ్చింది. మీ బండి రోడ్డు మీద ఎన్నడూ కనబడలేదే అని ఏ సర్కారూ అడగలేదు. అతనూ చెప్పలేదు. పన్ను కట్టేవాడినన్న పేరు పోతుందని.

రోడ్డెక్కని మోటరు చెరువు దాకా ఎట్లా పోతుంది? అక్కడే ఎడ్ల పని పడుతుంది. పందెం నాడు మైలదాన్నీ కర్రెదాన్నీ కడిగి, కాడికి కట్టి, మోకులతో మోటరుకు తగిలిస్తారు. ముందు డప్పులు. మోటరుకు పూలదండ, నిమ్మకాయలు. హనుమండ్లు దొరగారి నల్లద్దాలు పెట్టుకుని, రెండు చేతులతో చక్రం పట్టుకుని, యుద్ధానికి పోయేవాడిలా ముందుకు చూస్తూ కూర్చుంటాడు. మోటరు ఎడ్ల నడకన కదులుతుంది. మధ్యలో మైలది ఆగి పేడ వేస్తే, వెనకున్న పందెం మోటరు కూడా మర్యాదగా ఆగుతుంది. చెరువు దగ్గర ఎడ్లను విప్పి, మూడు తిరుగుళ్లు ఉరికించి, మళ్లీ ఎడ్లను కట్టుకుని ఇంటికి వస్తారు.

“ఒక్కనాడన్న నడుపుకుంట పోలేదా?”

“పోయిండు ఒక్కపారి. కట్ట మీదికి ఎక్కంగనే కుతకుత ఉడికి ఆవిరి లేషింది. పసుపు నీళ్లన్ని మొఖం మీద వడ్డయి. పందేనికొచ్చిన మందంత మీ బావకు పెండ్లి నలుగు వెట్టిండ్రని నవ్విరి. గప్పటిసంది ఎడ్లే.”

వెంకటి మళ్లీ నవ్వబోయి ఆగాడు. యాదవ్వ బాట వైపు చూసి నిలబడిపోయింది. హనుమండ్లు వస్తున్నాడు. నడకలోనే తెలిసిపోతోంది. ఒక చెయ్యి జేబు మీద ఆనించుకుని, మరో చెయ్యి విసురుకుంటూ వస్తున్నాడు.

“కొలత చూసినవా వెంకటీ? మంచిగ బిగువుగ కుట్టు, గాలి ఆపొద్దు” అంటూనే కొట్టంలోకి పోయి మోటరు ముక్కును తువ్వాలతో తుడిచాడు. ఆ తర్వాత గానీ పెండ్లాన్ని చూడలేదు. “అంతయ్య బయానా ఇచ్చిండే. రేపు పొద్దుగాల రైలుకు పట్నం పోత. నాలుగు కొత్త టైర్లు. దేవదాసు సావుకారి మొఖం సూడాలె ఇగ!”

“ఎడ్లనమ్మినవా?”

“ఆఁ. మోటరున్నోనికి ఎడ్లెందుకు? ఇంకెన్నొద్దులు తోకలు మెలివెట్టుకుంట తిరుగుమంటవు నన్ను?”

యాదవ్వ కేకలు వేయలేదు. కుడితి చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

“మంచిదే. మరి అమాసనాడు మోటరును చెరువుకాడికి ఎవలు గుంజుకపోతరు?”

హనుమండ్లు నోరు తెరిచాడు. మోటరు వైపు చూశాడు. ఎడ్ల వైపు చూశాడు. తువ్వాలతో అప్పటికే తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు. వెంకటి కాన్వాసు చుట్టలో దారప్పోగులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

“కిరాయికి తెస్త” అన్నాడు హనుమండ్లు చివరికి.

“ఎవలయి?”

“అంతయ్యయే. ఆయన కాడ ఇప్పుడు మంచి జోడి ఉంటది గద. మోటరు అలవాటున్నయి.”

“దుక్కికి?”

“దుక్కికి గూడ గవే తెస్త! మన ఎడ్లే గదనే, జర తక్కువకే ఇస్తడు.” తాను చెప్పింది తనకే నచ్చినట్టుంది. మొహం తేటపడింది. “మేత ఖర్చు లేదు, కుడితి ఖర్చు లేదు. అక్కెర వడ్డనాడే కిరాయి. సూడు, ఎంత కలిసొస్తదో.”

“గట్లనే మోటరునమ్మి, పందెం నాడు దాన్ని గూడ కిరాయికి తేరాదు?”

ఈ మాటకు వెంకటికి నవ్వు ఆగలేదు. తల పూర్తిగా కాన్వాసులోకి దూర్చేశాడు. హనుమండ్లుకు మాత్రం ఎక్కడో కాలింది.

“నీకేం తెలుసే మోటరంటె? ఊర్లె గింత మందున్నరు, ఎవలిని పేరు వెట్టి పిలుస్తరు? మోటరు హనుమండ్లన్న అని నన్నే పిలుస్తరు. గా ఎడ్లను చూసి పిలుస్తరా?” అని, బ్రేకుల తోలు సంగతి చూడాలంటూ ముత్యం ఇంటి వైపు వెళ్లిపోయాడు. జేబు మీది చెయ్యి మాత్రం తీయలేదు.

 యాదవ్వ చెట్టు కింద పీట వేసుకుని కూర్చుంది. మైలది మెడ చాచి ఆమె భుజం మీద ఆనించింది.

“గివి లేగలప్పటిసంది ఒక్క కాడి కిందనే ఉన్నయి తమ్మీ. కర్రెదానికి ఎడమ దిక్కు తప్ప నడువరాదు. మైలది పక్కకు లేకుంటె నీళ్లు గూడ తాగది. అంతయ్య జోడినే అమ్ముతడని ఏమున్నది? ఒకదాన్ని ఆదిలాబాదు పత్తిబండ్లకు, ఒకదాన్ని ఇంకెటో.”  మైలదాని మెడ నిమిరింది. “దుక్కి నాగలి నడవకుంటె నేను కూలికన్న పోత. గివి విడివడితె ఏం జేస్తయి, చెప్పు?”

  

కాసేపటికి యాదవ్వ లేచింది. ఇంటి వెనకా ముందూ చూసింది. మైలదాని మెడకున్న వెడల్పాటి గంటల పట్టె విప్పింది. గంటలు మోగకుండా అరచేతిలో పట్టుకుంది.

“గిట్ల రా.”

వెంకటి వంగి చూశాడు. పట్టె కింద, గంగడోలు మొదట్లో, వెంట్రుకలు గుండ్రంగా తిరిగి సుడి పడింది. రూపాయి బిళ్లంత ఉంది. అతని కుటుంబంలో ఎవరికీ ఎద్దుల్లేవు గానీ, ఈ దేశంలో పెరిగినవాడికి సుడి సంగతి ఒకరు చెప్పాలా? అది ఉన్న ఎద్దును ఎవడూ కొనడు, ఉద్దెర అప్పుకు కూడా తోలుకుపోడు. ఇంటాయనకు అచ్చిరాదంటారు.

“అంతయ్య సూడలేదా అక్కా?”

“పండ్లు చూసిండు, గిట్టలు చూసిండు, నొసలు చూసిండు. గంగడోలు ముట్టవోతె ఇది కొమ్మిసిరింది. నన్ను తప్ప ఎవలిని ముట్టనియ్యది.”

“బావకు తెల్వదా?”

“ఎట్ల తెలుస్తది? మీ బావ ఎద్దును కడగక ఎన్నేండ్లయింది? మోటరునే కడుగుతడు.”

యాదవ్వ ఆ సుడి మీద వేళ్లు పెట్టి నిమిరింది. పట్టె కట్టిన కొత్తలో ఎవరినీ దాని దరికి రానివ్వలేదట. సుడి బయటపడితే దీన్ని తరిమేస్తారని ఇన్నాళ్లూ దాచింది. ఇప్పుడు బయట పెట్టకపోతే తోలుకుపోతారు. బయట పెడితే, ఊళ్లో ఎవరింట్లో జ్వరం వచ్చినా ఈ ఎద్దునే చూపిస్తారు. తనను కూడా అంటారు, మొగునికి ఆపతి తెచ్చేదాన్ని ఇంట్లో సాకిందని.

“గీ సుడెద్దు ఇన్నేండ్లున్నది గదా, మీ ఇంటికి ఏం గాలేదా?” వెంకటి గొంతు తగ్గించి అడిగాడు.

“ఎందుకు గాలే? బర్రె పాయె, కడియాలు పాయె, టేకుచెట్టు పాయె. గవన్ని తిన్నది గా కొట్టంల ఉన్నది. దాన్ని అంత తడిమి చూసిన తమ్మీ, ఒక్క సుడి లేదు.”

పట్టె తిరిగి కట్టడానికి చెయ్యి ఎత్తి, ఆగింది. ఇక కట్టే పని లేదన్నట్టు పక్కన పెట్టింది. వెంకటి సైకిలు దగ్గరికి తానే నడిచి, కాన్వాసు చుట్ట ఎత్తి వెనక పెట్టింది.

“టాపు రేపు కుట్టుదువు. ఎండకాలం మోటరుకేం తొందర? నువ్వు పొయ్యే బాటల అంతయ్య ఇల్లున్నది. ఆగి జరన్ని మంచినీళ్లడుగు. ఊకెనే మాటల మాటగ అను, ‘మోటరు హనుమండ్లన్న ఎద్దుకు మెడ కింద సుడి చూసిన’ అని. నేను చెప్పిన్నని అనకు. నీ కండ్లతోని చూసినవు, అబద్ధం గాదు. పొద్దుగూకక ముందు చెప్పాలె, గాయన వొచ్చి బయానా తీస్కపోవాలె, మీ బావ పొద్దటి రైలెక్కకుంట.” మైలది ఇటే చూస్తోంది. యాదవ్వ దాని వైపు వీపు తిప్పి, గొంతు ఇంకా తగ్గించింది. “ఇంకొక్కటి తమ్మీ. సుడున్నదని చెప్పు. కని ఎద్దు చెడ్డదని మాత్రం అనకు. పో, తొందరగ పో.”