కుడివైపు నుంచి ఎక్కే గుర్రం

"ఎక్కేవాడు లేని గుర్రం ఇంటికెందుకు? ఈ చలికాలం సోగుమ్ కోతకి, మాంసం నిల్వకి, దీన్నే కోసేద్దాం. వసంతం దాకా మాంసం వస్తుంది."

"నీ కన్ను దానిమీదే పడిందేం? నా మోకాల్లో ఉన్నది ఇనుము. ఇనుముని గుర్రం ఏం చేస్తుంది?"

బెక్తుర్ గడప దగ్గరే ఆగిపోయాడు. లోపల పెద్దమ్మ సైరకాన్, పెదనాన్న జుమగాజీ. కిర్గిజ్‌స్తాన్‌లోని నారిన్ ఊళ్లో ఆ వీధివాళ్లకి ఈ పోట్లాట కొత్త కాదు. జుమగాజీ ఎడమ మోకాలికి కృత్రిమ కీలు వేసి చాలా ఏళ్లయింది. ఈ మధ్య మళ్లీ వాస్తోంది. గుర్రమే చెడగొట్టిందని ఆమె, చలిగాలి వల్లని ఆయన.

ఆయన తన మటుకు జాగ్రత్తగానే ఉన్నాననుకున్నాడు. కిర్గిజ్ అన్నవాడు గుర్రాన్ని ఎడమవైపు నుంచే ఎక్కుతాడు. బరువంతా ఎడమకాలి మీదే. అందుకని గోధుమరంగు ఆడగుర్రం కులాకి కుడివైపు నుంచి ఎక్కించుకోవడం అలవాటు చేశాడు. చూసినవాళ్లంతా నవ్వారు. ఒక పెళ్లిలో ఎవడో, "ఆక్సకాల్, పెద్దాయనా, అద్దంలో చూసి నేర్చుకున్నారా?" అన్నాడు. ఆయన పట్టించుకోలేదు.

చివరికి బెక్తురే ఆయన్ని కారెక్కించి రాజధాని బిష్కెక్ తీసుకెళ్లాడు. అక్కడ డాక్టర్ మీరిమ్ అడిగితే నొప్పే లేదన్నాడు, పచ్చి అబద్ధం. ఆమె వాదించలేదు. చాలాసేపు కూర్చోబెట్టి, అప్పుడు లేచి నడవమంది. మొదటి అడుగులకి ఆయన మొహం ముడుచుకుపోయింది, కాస్త నడిచేసరికి సర్దుకుంది. ఎముకను విడిచిన కీలు చాలాసార్లు ఇలాగే లేచీ లేవగానే నొప్పి పెడుతుందట. అయితే లోపల చీము పట్టినా వాపే వస్తుంది. అందుకని రక్తం తీసింది, మోకాల్లోంచి సూదితో నీరు లాగి పరీక్షకు పంపింది. అందులో ఏ క్రిమీ పెరగలేదని తేలాక, పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే పక్కపక్కన పెట్టింది. పెదనాన్న కంటే ముందు బెక్తురే వంగి చూశాడు. పాతదాంట్లో ఎముకలోకి నిటారుగా దిగిన కీలు తాలూకు లోహపు కాడ కొత్తదాంట్లో ఒక పక్కకి ఒరిగింది. దాన్ని పట్టి ఉంచే సిమెంటుకీ ఎముకకీ మధ్య నల్లటి గీత. గోడలో మేకు వదులైతే చుట్టూ పడే సందులా ఉంది.

తీసేసి కొత్తది వెయ్యాలంది మీరిమ్.

"గుర్రం వల్లేనా?" అని జుమగాజీ నెమ్మదిగా అడిగాడు. కుడివైపు నుంచి ఎక్కే సంగతి మాత్రం గర్వంగానే చెప్పాడు.

ఆమె శ్రద్ధగా విని, "ఎక్కడం బాగానే ఉంది. మరి దిగేటప్పుడు ముందు నేలమీద పడే కాలు ఏది, ఆక్సకాల్?" అంది.

ఆయన కూర్చున్నచోటే కాళ్లు కదిపి చూసుకున్నాడు. ఎడమది. ఇన్నేళ్లలో ఆ ఆలోచనే రాలేదు.

తప్పంతా గుర్రానిదనీ చెప్పలేను, అసలేం లేదనీ చెప్పలేను, ఊరికే నడిచినా ఏళ్లు గడిస్తే వదులవచ్చు అంది మీరిమ్. ఈ జవాబు పెద్దమ్మ చేతిలో పడితే కులా గతి ఏమిటో బెక్తుర్‌కి తెలుసు.

ఆసుపత్రిలో చేర్చి బయల్దేరబోతుంటే జుమగాజీ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"మీ పెద్దమ్మకి అంతా చెప్పరా, ఏదీ దాచకు. కానీ ఎక్కేవాడు లేడన్న మాట రాకుండా, నేను లేచి వచ్చేదాకా కులాని నువ్వు ఎక్కు. రోజూ ఎక్కు. కుడివైపు నుంచే, దాన్ని మర్చిపోనివ్వకు. నవ్వేవాళ్లని నవ్వనీ."