చెవికి అందని ఆరేళ్లు

నా పంతులుగిరీలో నేను వెలగబెట్టిన తెలివితక్కువ పనులన్నీ చెబితే మీ ఇంట్లో అన్నం చల్లారిపోతుంది. అందుకని ఒక్కటే చెబుతాను. దీనితోనే నా పరువు పద్మపూర్ నుంచి కొరాపుట్ దాకా వెళ్లింది, అదీ కాలినడకన కాదు, ఇన్‌స్పెక్టరుగారి జీపులో.

స్వరాజ్యం వచ్చిన కొత్తలు. పద్మపూర్ దగ్గర ఒక పల్లెలో తెలుగు బడికి నన్ను వేశారు. ఇరవై రెండేళ్లవాణ్ణి, పైగా ట్రైనింగు అయినవాణ్ణి. ట్రైనింగులో పిల్లల ఎదుగుదల గురించి చెప్పే పీరియడు భోజనాల తర్వాత ఉండేది, ఆ పీరియడు మొత్తం శ్రద్ధగా నిద్రపోయాను. అయినా చెవి ఉండగా ఆ చదువెందుకు? పుట్టినరోజు రాసుకునే ఇళ్లు లేని ఆ రోజుల్లో బడిలో చేర్చుకోవడానికి ఒకటే పరీక్ష. కుడిచెయ్యి నెత్తిమీదుగా వేసి ఎడమ చెవి అందుకుంటే ఆరేళ్లు నిండినట్టు, అందకపోతే నిండనట్టు.

ఒకనాడు అప్పన్న అనే రైతు ఇద్దరు పిల్లల్ని తెచ్చాడు. కొడుకు సింహాచలం తాడిచెట్టులా ఉన్నాడు, చెవి అందింది. రిజిస్టరులో రాసేశాను. కూతురు పైడమ్మ పొట్టిది. వేళ్లు నడినెత్తి దాటి రాలేదు.

"ఆరేళ్లు నిండలేదు" అన్నాను.

"అదేటి బాబూ, మా ఎర్రావు తొలిసూలు ఈనినప్పుడు పుట్టింది. అది ఇప్పటికి ఆరు ఈతలు ఈనీసింది. ఆడికి నాలుగేళ్లే, ఈ అమ్మికి ఎనిమిది."

"ఆవు లెక్క తప్పుతుందేమో గాని చెవి తప్పదు."

"ఈ యేడు సేర్సుకోపోతే మేకలెనక తోలీస్తాను బాబూ. మరింక బడి నేదు."

పైడమ్మ ఏడుపు ఆపుకుంటూ ఇంకోసారి చెయ్యి చాపింది, మెడ కూడా వంచింది.

"మెడ వంచకూడదు" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే తన్నుకోవాలనిపిస్తుంది.

మర్నాటి నుంచి సింహాచలం నోట్లో వేలు పెట్టుకుని "అప్పా, అప్పా" అని ఒకటే ఏడుపు. అప్ప అంటే అక్క, ఆ అక్క కనబడితే గాని ఊరుకోడు. చేసేది లేక పైడమ్మను మేకలతో సహా బడి గుమ్మం దగ్గర ఉండమన్నాను.

ఇంతలో ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారని కబురు. గుణుపూర్‌లో కోటు కుట్టించాను. దర్జీ గుడ్డ మిగుల్చుకున్నాడో ఏమో, అందులో దూరాక ఊపిరి కూడా అడిగి పీల్చుకోవలసి వచ్చింది.

ఆయన వచ్చి కూర్చుని, "మేకకు నాలుగు కాళ్లు. మరి ఏడు మేకలకు?" అని అడిగారు. రిజిస్టరులో ఉన్నవాళ్లంతా ఇంటికప్పు చూశారు. సింహాచలం నిద్రపోతున్నాడు.

"ఇరవయ్యెనిమిది. కుంటిదాని కాలూ లెక్కెట్టీసేను" అని గుమ్మంలోంచి వినబడింది. పిట్ట కొంచెమని నేను రిజిస్టరులోకి రానివ్వలేదు, కూత మాత్రం తిన్నగా ఇన్‌స్పెక్టరుగారి చెవిలోకి పోయింది.

"ఆ పిల్లను చేర్చుకోలేదేం మాస్టారూ?"

"చెవి అందలేదండీ."

"మీకు అందుతుందా?"

"అదెంత పని సార్" అని చెయ్యెత్తాను. కోటు భుజం దగ్గర పట్టేసింది. బలంకొద్దీ లాగాను. చంకలో పర్రుమంది గాని చెయ్యి నడినెత్తి దాటలేదు. మెల్లిగా మెడ వంచబోయాను.

"మెడ వంచకూడదు మేస్టారూ" అంది పైడమ్మ.

ఇన్‌స్పెక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మీకూ ఆరేళ్లు నిండలేదు. ముందు ఆ పిల్లను చేర్చుకోండి, తర్వాత ఆ పిల్ల పక్కన మీరు కూర్చోండి."

పైడమ్మ పేరు ఆ క్షణమే రాశాను. ఇక బతికుండగా పిల్లల ఎదుగుదలను చేతులతో కొలవనని ఆ సాయంత్రమే రెండు చెవులూ పట్టుకుని ఒట్టు వేశాను. కోటు విప్పేశాకే లెండి.