ఉప్పాడ కారు

పెద్దాపురంలో నేను పాఠాలు చెప్పే బడికి రోజూ బస్సుల్లో వేలాడి విసిగిపోయి, సముద్రం ఒడ్డునున్న ఉప్పాడలో ఒక పాత కారు కొన్నాను. తెల్లగా తళతళలాడే రంగు చూసి మురిసిపోయానే తప్ప, లోపల మ్యాట్ ఎత్తి చూడాలన్న బుద్ధి పుట్టలేదు.

మొదటి వానకే ఆ బుద్ధి వచ్చింది. సామర్లకోట దాటాక ఒక గుంటలో దిగానో లేదో, నీళ్లు కారు లోపలికే చిమ్మి చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా తడిశాయి. మ్యాట్ ఎత్తితే బ్రేకు పక్కన తుప్పు తినేసిన అరచేయంత కన్నం, అందులోంచి రోడ్డు కనిపించింది.

మెకానిక్ కారు కింద నుంచి తల బయటపెట్టాడు.

"ఉప్పాడ బండి కదండీ. ఇళ్లనే వదలని సముద్రం మీ కారునొదులుతుందేంటండి?"

నాకు ఒళ్లు మండింది. అతను మాత్రం మూడు రోజులు కూర్చుని తుప్పంతా గీకి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, కింద నల్లటి పూత వేశాడు.

"ఇక గోదాట్లో దింపినా చుక్క రాదండి."

గోదావరి అక్కర్లేదు, సామర్లకోట గుంట దాటితే చాలన్నాను.

మర్నాటికి వాన వెలిసింది కానీ గుంట నిండుగానే ఉంది. పక్కనుంచి పోవడానికి చోటున్నా, కావాలనే నడిమధ్యలోంచి పోనిచ్చాను. నీళ్లు రెండు వైపులా లేచాయి. నా కాళ్లు తడవలేదు.

బడికి ఆలస్యమవుతున్నా, కారు వెనక్కి తిప్పి ఇంకోసారి పోనిచ్చాను.