మార్లిస్ మొగుణ్ణి అడగని ప్రశ్న

టోర్వాల్ సరస్సులో పడవ దింపాలంటే ముందు మార్లిస్ టోలెఫ్సన్ వేళ్ళ కిందనుంచి పోవాలి. అరవై మూడేళ్ళ మనిషి. ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు తోలి రిటైరైంది. ఊరికే కూర్చోవడం చేతకాక రేవు కాపలా ఉద్యోగంలో చేరింది. తొమ్మిది వేసవులుగా రేవు మొదట్లో మడతకుర్చీ, పక్కన కాఫీ ఫ్లాస్కు, ఒళ్ళో కాగితాల అట్ట. బండి వెనక పడవని మోసుకుంటూ ట్రెయిలర్ వచ్చి ఆగగానే అడిగేది ఒకటే.

"ఈ పడవ ఆఖరిసారి ఏ నీళ్ళలో దిగింది?"

ఆ తర్వాత వంగి పడవ అడుగంతా, ట్రెయిలర్ ఇరుసంతా చేత్తో తడుముతుంది. నున్నగా ఉంటే పో. గరుకు కాగితం తగిలినట్టు తగిలితే వెనక్కి. ఆ గరుకు చారల ఆల్చిప్ప పిల్లది. ఆవగింజంత ఉంటుంది గాని, పడవకి అంటుకొచ్చి ఒక్కసారి సరస్సులో పడిందంటే ఇక దాన్ని వదిలించుకోవడం ఎవరి తరమూ కాదు. చేపల తిండి తినేస్తుంది, రాళ్ళనిండా పేరుకుని ఈతకొచ్చిన పిల్లల పాదాలు కోస్తుంది. చుట్టుపక్కల సరస్సులన్నీ దాని పాలబడ్డాయి. టోర్వాల్ ఒక్కటి మిగిలింది. అది మిగిలింది తన వేళ్ళవల్లేనని మార్లిస్ ఎవరితోనూ అనదు గాని, అనుకుంటుంది. అనుకునే హక్కు ఉంది కూడా. చేపల వేట మొదలయ్యే రోజున పాస్టరుగారి పడవనే వెనక్కి పంపిన మనిషి. చెల్లెలి కొడుకుని పంపేస్తే ఆ చెల్లెలు రెండు క్రిస్మస్‌లు గడప తొక్కలేదు. తొక్కకపోతే మానె అంది మార్లిస్.

రేవులో ఆ ప్రశ్న ఎదుర్కోని పడవ ఒక్కటే ఉంది. అది ఆమెదే. తండ్రి ఇచ్చిపోయిన పదహారడుగుల అల్యూమినియం పడవ, కాగితాలన్నీ ఆమె పేరు మీదే. అడగకపోవడానికి కారణం పక్షపాతం కాదు. మొగుడు ఒరిన్‌కి ట్రెయిలర్ వెనక్కి తోలడం రాదు.

ఆ ఊళ్ళో మగవాడికి ఈత రాకపోయినా ఊరుకుంటారు గాని ఇది రాకపోతే నవ్వుతారు. పెళ్ళయిన కొత్తలో ఒరిన్ ముప్ఫై మంది చూస్తుండగా ట్రెయిలర్‌ని రేవు పక్కన తుంగలోకి దించేశాడు. బండి ఎడమకి తిప్పితే ట్రెయిలర్ కుడికి పోతుందన్న సంగతి అతని చేతులకి ఎంతకీ ఎక్కలేదు. ఆ రోజునుంచీ రేవు దాకా అతను తోలుకొస్తాడు, అక్కడ దిగిపోతాడు, ఆమె ఎక్కి నీళ్ళలోకి దింపుతుంది. అందరివీ పెద్దపెద్ద పికప్ ట్రక్కులు, వీళ్ళది మధ్యరకం ఎస్‌యూవీ. దాన్ని బొమ్మకారు అని ఏడిపిస్తారు. ఏడిపించనీ. ఆ బొమ్మకారుతోనే మార్లిస్ గీత గీసినట్టు దింపుతుంది. తాను స్టీరింగు పట్టందే ఆ పడవకి నీళ్ళు తగలవు. మరి అడగడానికేముంది?

ఈ వసంతంలో ఆమె కుడి భుజం పట్టేసింది. వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా పళ్ళు బిగపట్టుకునేది. ఏమీ లేదనేది. ఒరిన్ చూస్తుండేవాడు.

జూలైలో ఒక శనివారం పొద్దున వరసలో ఏడు బళ్ళున్నాయి. ఒరిన్ వంతు వచ్చింది. మార్లిస్ అట్ట కుర్చీలో పెట్టి, బండి తలుపు తీయబోయింది. అతను దిగలేదు.

"నువ్వు కూర్చో. ఇవాళ నేనే తోల్తా."

"ఏంటి? పొద్దున్నే ఏమైంది నీకు?"

వెనక ట్రక్కులోంచి లైల్ బ్రాట్లాండ్ తల బయటపెట్టాడు. పక్కింటివాడు, నలభై ఏళ్ళుగా ఆ తుంగ కథ చెప్పి నవ్వించేవాడు. "ఒరిన్ తోల్తాడంట! ఒరేయ్, ఫోన్లు తియ్యండ్రా! మార్లిస్, తుంగలో కప్పలకి ముందే చెప్పిరా!"

ఒరిన్ అద్దాల్లోకి చూశాడు. స్టీరింగు అడుగున ఒక్క చెయ్యే వేశాడు. ట్రెయిలర్ కాస్త ఎడమకి ఒరిగింది, చిన్నగా సర్దుకుంది, తిన్నగా దిగడం మొదలుపెట్టింది. ఎక్కడా ఆగడం లేదు, మళ్ళీ ముందుకి లాగడం లేదు. మార్లిస్‌కి, నలభై ఏళ్ళు పక్కలో పడుకున్న మనిషి కాక, వేరే ఎవరో తన మొగుడి టోపీ పెట్టుకుని కూర్చున్నట్టుంది.

"ఫర్వాలేదే," అన్నాడు లైల్. ఆ ఊళ్ళో అంతకు మించిన మెప్పు లేదు.

మార్లిస్ భుజం నొప్పి మరిచిపోయి చప్పట్లు కొట్టింది. కళ్ళు తడయ్యాయి. నా కోసం నేర్చుకున్నాడు, అనుకుంది. ఆ వెంటే ఇంకోటి తట్టింది. ఇది ఇంటి ముందు తోలితే వచ్చే పని కాదు. వాలు కావాలి, నీళ్ళు కావాలి. ఏ రేవులో నేర్చుకున్నాడు?

"ఆపు!"

ముప్ఫై ఏళ్ళు బస్సులో పిల్లల్ని అదిలించిన గొంతు అది. బ్రేకు పడింది. ట్రెయిలర్ చక్రాలు నీళ్ళకి మూడడుగుల దూరంలో ఆగాయి.

ఆమె మోకాళ్ళ మీద కూలబడి చెయ్యి లోపలికి పెట్టింది. పడవ అడుగు నున్నగా ఉంది. ఇరుసు నున్నగా ఉంది. ఇరుసుకీ, పడవ ఆనే పైచెక్కకీ మధ్య సందులో పిడికెడు నాచు ఇరుక్కుని ఉంది, ఇంకా చెమ్మ ఆరలేదు. దాన్ని వేళ్ళతో నలిపింది. గరుకు. బయటికి తీసి చూస్తే ఏడో ఎనిమిదో గింజలు, ఒక్కోదాని మీదా సన్నటి చార.

ఒరిన్ నవ్వుకుంటూ దిగొచ్చాడు. ఆమె చేతిలోది చూశాక ఆ నవ్వు పోయింది.

"ఎక్కడ నేర్చుకున్నావ్?"

"డీర్‌హార్న్ సరస్సులో. నువ్వు డ్యూటీకొచ్చాక మంగళవారం, గురువారం వెళ్ళేవాణ్ణి. అక్కడైతే మనల్ని ఎవరూ ఎరగరు కదా, నవ్వినా బాధుండదని. నీ భుజం చూళ్ళేక, మార్లిస్."

"డీర్‌హార్న్ నిండా ఇవే కదయ్యా! నాలుగేళ్ళైంది! రోజూ అన్నం దగ్గర నేను చెప్పేది ఇదేగా!"

"కడిగాను. ప్రతిసారీ ఇంటికొచ్చి పైపు పెట్టి కడిగాను, ఒట్టు."

పైనుంచి కడిగాడు. సందులో ఎవరు చూస్తారు? ఆమెకి అతన్ని కావలించుకోవాలనీ అనిపించింది, గొంతు పిసకాలనీ అనిపించింది. అట్ట తెచ్చుకుని, కొత్త కాగితం తీసి, ఎవరో దారినపోయేవాణ్ణి అడిగినట్టు అడిగింది.

"ఈ పడవ ఆఖరిసారి ఏ నీళ్ళలో దిగింది?"

ఒరిన్ ట్రెయిలర్ వైపు చూశాడు.

"డీర్‌హార్నే కదా. మొన్న గురువారం," అని తనే రాసుకుంది. మూడడుగులు. మూడడుగుల్లో బయటపడ్డామని గుండె కాస్త కుదుటపడింది.

"హమ్మయ్య, సరస్సు బతికిపోయింది," అన్నాడు లైల్, ఈసారి వెక్కిరింపు లేకుండా.

"ఆ తర్వాత ఇంకెక్కడా దించలేదు కదా?" కాగితంలో ఉంది కాబట్టి అడిగింది. కలం అప్పటికే 'లేదు' మీద ఆనించింది.

ఒరిన్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు.

"నిన్న సాయంత్రం. నువ్వు ఇంటికొచ్చి భుజానికి ఐసు పెట్టుకుని పడుకున్నావు చూడు, అప్పుడు. ఇవాళ అందరి ముందూ తప్పితే నీకు తలవంపులని, ఒక్కసారి చూసుకుందామని..."

"ఎక్కడ?"

అతను చెయ్యెత్తి ఆమె వెనకున్న నీళ్ళు చూపించాడు.

మార్లిస్ తల తిప్పలేదు. సరస్సు పేరు రాసింది. తేదీ వేసింది. తనిఖీ చేసినవారు అన్నచోట తన పేరు రాసింది. దాని కింద, పడవ ఎవరిది అన్నచోట కూడా తన పేరే రాయవలసి వచ్చింది.